పైలట్ లైన్లను ఆగనివ్వకండి: యూరోపియన్ కమిషన్‌కు ఒక తెలుగు ఇంజినీరు బహిరంగ లేఖ

యూరోపియన్ కమిషన్‌కు, చిప్స్ జాయింట్ అండర్‌టేకింగ్ పాలకమండలికి, యూరోపియన్ యూనియన్ సభ్యదేశాల పరిశ్రమ, పరిశోధన శాఖల మంత్రులకు

నమస్కారం.

యూరప్‌లో చిప్‌ల పరిశోధన, తయారీ పెంచడానికి 2023 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన చిప్స్ చట్టాన్ని మార్చాలని మీరు సంకల్పించారు. దాని మీద 2025లో అందరి అభిప్రాయాలూ అడిగారు. పెద్ద కంపెనీలు, వాటి సంఘాలు, ప్రభుత్వాలు తమ మాట వినిపించాయి. ఒళ్లంతా కప్పే సూటు తొడుక్కుని దుమ్ము చొరబడని క్లీన్‌రూములో వేఫర్లతో (చిప్‌లు తయారయ్యే పల్చటి సిలికాన్ పళ్లేలతో) పనిచేసే మాలాంటి వాళ్ల వైపు నుంచి ఒక విన్నపం ఉంది. కొత్త చట్టానికి మార్కెట్ వాటాను లక్ష్యంగా పెట్టకండి. దేశాలు, కంపెనీలు, యూనివర్సిటీలు కలిసి నడుపుతున్న పరిశోధన కేంద్రాలకు, ముఖ్యంగా పైలట్ లైన్లకు (ల్యాబ్‌లో పుట్టిన పద్ధతిని ఫ్యాక్టరీకి సిద్ధం చేసే ప్రయోగాత్మక తయారీ వరుసలకు), పదేళ్లపాటు తెగకుండా డబ్బు అందే ఏర్పాటును ఆ చట్టంలో రాయండి.

లూవెన్, ఐంధోవెన్, డ్రెస్డెన్, మ్యూనిక్, గ్రెనోబుల్‌లలో ఈ చదువు చదువుతున్న, ఈ పని చేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీరు తీసుకునే నిర్ణయం వాళ్ల జీవితాలను నేరుగా తాకుతుంది. అప్పు చేసి పిల్లలను పంపిన అమ్మానాన్నలకు కూడా ఇక్కడ ఏం జరుగుతోందో తెలియాలి. అందుకే ఈ లేఖ తెలుగులో, అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా ఆ మార్కెట్ వాటా అంకె సంగతి. 2030 నాటికి ప్రపంచ చిప్ ఉత్పత్తి విలువలో యూరప్ వాటా 20 శాతానికి చేరాలన్నారు. అందుకు ప్రభుత్వ, ప్రైవేటు డబ్బు కలిపి 4,300 కోట్ల యూరోలు సమకూరుస్తామన్నారు. 2025 ఏప్రిల్‌లో మీ యూరోపియన్ ఆడిటర్ల కోర్టే ఆ లెక్కను పరిశీలించి, లక్ష్యం అందే అవకాశం చాలా తక్కువని తేల్చింది. 2022లో 9.8 శాతంగా ఉన్న వాటా 2030కి 11.7 శాతం అవుతుందన్నది కమిషన్ సొంత అంచనా. 20 శాతం కావాలంటే ఉత్పత్తి సుమారు నాలుగు రెట్లు పెరగాలి. పైగా 2030 వరకు ఈ చట్టం కింద ఖర్చవుతుందనుకుంటున్న 8,600 కోట్ల యూరోల్లో కమిషన్ బాధ్యత ఉన్నది 450 కోట్లకే, అంటే 5 శాతానికే. మిగతాదంతా ఒక్కో దేశం ఖజానా నుంచో, కంపెనీల జేబు నుంచో రావాలి. తన చేతిలో లేని డబ్బుతో, తన మాట వినే అవసరం లేని కంపెనీలతో ఎవరైనా ఏ లక్ష్యం సాధించగలరు?

అంకె వెంట పరుగెత్తితే ఏమవుతుందో జర్మనీలోని మాగ్డెబుర్గ్ చెప్పింది. ఇంటెల్ అక్కడ 3,000 కోట్ల యూరోలతో రెండు ఫ్యాబ్‌లు, అంటే చిప్ ఫ్యాక్టరీలు, కడతానంది. జర్మన్ ప్రభుత్వం అందులో 990 కోట్లు ఇవ్వడానికి 2023 జూన్‌లో ఒప్పుకుంది. 2024 సెప్టెంబరులో ఇంటెల్ పనిని వాయిదా వేసింది. 2025 జులైలో పూర్తిగా మానుకుంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పక్కన క్రోల్‌లో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్, గ్లోబల్‌ఫౌండ్రీస్ కలిసి కడతామన్న 750 కోట్ల యూరోల ఫ్యాక్టరీ కూడా ముందుకు కదల్లేదు. ఈ కంపెనీలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాటి లాభనష్టాలు వాటివి. ఒక కంపెనీ బోర్డు ఒక్క సమావేశంలో రద్దు చేయగల ప్రాజెక్టు మీద 27 దేశాల విధానాన్ని ఆనించడమే తప్పు.

డ్రెస్డెన్ వైపు చూడండి. 2024 ఆగస్టులో అక్కడ ఈఎస్ఎంసీ ఫ్యాబ్‌కు శంకుస్థాపన జరిగింది. తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీకి 70 శాతం, బాష్, ఇన్ఫినియన్, ఎన్ఎక్స్‌పీలకు తలా 10 శాతం వాటా. నెలకు 40,000 వేఫర్ల సామర్థ్యం, 28/22, 16/12 నానోమీటర్ల టెక్నాలజీ (ఈ అంకె ఎంత చిన్నదైతే చిప్ అంత సూక్ష్మం). ఆ పని సాగుతోంది. అది డ్రెస్డెన్‌కే ఎందుకు వచ్చింది? సబ్సిడీ ఒక్కటే కారణమైతే మాగ్డెబుర్గ్‌లో కూడా ఈపాటికి గోడలు లేచేవి. డ్రెస్డెన్‌లో 1961లో, తూర్పు జర్మనీ కాలంలో, వెర్నర్ హార్ట్‌మన్ మైక్రోఎలక్ట్రానిక్స్ పరిశోధన మొదలుపెట్టారు. ఆ ప్రభుత్వం పోయింది, ఆ దేశమే పోయింది. నేర్చుకున్న మనుషులు మాత్రం అక్కడే ఉన్నారు. 1990లలో వాళ్ల కోసమే సీమెన్స్, ఏఎండీ వచ్చాయి. ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థలు వచ్చాయి. కొనే కంపెనీ, పరికరాలు బాగుచేసే కంపెనీ, పాఠం చెప్పే యూనివర్సిటీ ఒకే ఊళ్లో ఉంటే తప్ప ఫ్యాబ్ నిలవదు. అలాంటి ఊరు తయారవడానికి 60 ఏళ్లు పట్టింది.

మీకు తెలిసిన చరిత్రే అయినా ఒక భాగం గుర్తు చేయాలి. 1980లలో మెమరీ చిప్‌లలో జపాన్ ముందుకు దూసుకుపోతుంటే యూరప్‌లో ఇప్పటి టెన్షనే ఉండేది. సీమెన్స్, ఫిలిప్స్ కలిసి మెగా ప్రాజెక్టు అన్నాయి. 1989లో జెస్సీ అనే యూరోపియన్ ఉమ్మడి చిప్ పరిశోధన కార్యక్రమం మొదలై 1996 దాకా నడిచింది. మెమరీలో జపాన్‌ను, తర్వాత కొరియాను అందుకోవాలన్న ఆశ తీరలేదు. ఫిలిప్స్ 1990లోనే తన మెమరీ పని వదిలేసింది. సీమెన్స్ చిప్ విభాగం ఇన్ఫినియన్ అయింది, దాని మెమరీ భాగం కిమోండా అయింది, కిమోండా 2009 జనవరిలో దివాలా తీసింది. డ్రెస్డెన్‌లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. వాటా లెక్కలో చూస్తే ఇది పచ్చి ఓటమి.

కథ అక్కడితో అయిపోలేదు. కిమోండా ఖాళీ చేసిన 300 మిల్లీమీటర్ల క్లీన్‌రూమును, పరికరాలను 2011లో ఇన్ఫినియన్ సుమారు 10 కోట్ల యూరోలకు కొన్నది. వాటిలో మెమరీ చేయలేదు. పవర్ చిప్‌లు చేసింది. కార్లలో, సోలార్ ఇన్వర్టర్లలో, రైళ్లలో కరెంటును అదుపు చేసే చిప్‌లవి. అప్పటిదాకా వాటిని ప్రపంచంలో ఎవరూ అంత పెద్ద వేఫర్ మీద, అంత పల్చగా చేయలేదు. వేఫర్‌ను కాగితంకన్నా పల్చగా అరగదీస్తే అది వంకర తిరుగుతుంది, పట్టుకుంటే పగులుతుంది. ఆ చిక్కులు విప్పడానికి ఆస్ట్రియాలోని ఫిలాఖ్ కేంద్రంగా ఈపీటీ300, ఈపీపీఎల్ అనే ఉమ్మడి ప్రాజెక్టులు నడిచాయి. వాటిలో అనేక దేశాల కంపెనీలు, యూనివర్సిటీలు ఉన్నాయి. డబ్బులో కొంత, ఉమ్మడి చిప్ పరిశోధనకు నిధులిచ్చే అప్పటి ఎనియాక్ సంస్థ నుంచి వచ్చింది. మీ చిప్స్ జాయింట్ అండర్‌టేకింగ్‌కు అది తాతలాంటిది. ఇవాళ పవర్ చిప్‌లలో ఇన్ఫినియన్ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. ఆ స్థానాన్ని ఎవరూ ముందుగా శాతాల్లో రాసి పెట్టలేదు.

ఇక అందరూ గర్వంగా చెప్పుకునే ఈయూవీ లితోగ్రఫీ, అంటే తీవ్ర అతినీలలోహిత కాంతితో వేఫర్ మీద చిప్ గీతలు ముద్రించే పద్ధతి. దాని గురించి మాట్లాడేటప్పుడు తుది యంత్రం ఫొటో చూపిస్తారు, వెనకున్న ఏళ్లను చూపించరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1984లో రెండు సంస్థలు పుట్టాయి. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్, ఏఎస్ఎం ఇంటర్నేషనల్ కలిసి లితోగ్రఫీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్‌ను మొదలుపెట్టాయి. బెల్జియంలోని లూవెన్‌లో ఫ్లెమిష్ ప్రాంతీయ ప్రభుత్వం ఐమెక్ అనే పరిశోధన కేంద్రాన్ని పెట్టింది. ప్రొఫెసర్ రోజర్ వాన్ ఓవర్‌స్ట్రాటెన్ దాన్ని నిలబెట్టారు. అప్పటికి బెల్జియంలో చెప్పుకోదగ్గ పెద్ద చిప్ కంపెనీ లేదు. ఆ లోటే ఐమెక్‌కు కలిసొచ్చిందని నా అభిప్రాయం. కాపాడాల్సిన సొంత కంపెనీ లేదు కాబట్టి ఒకరికొకరు పోటీదారులైన వాళ్లందరికీ అది నమ్మదగిన చోటయింది. మార్కెట్‌లో కొట్టుకునే కంపెనీలు అక్కడ ఒకే క్లీన్‌రూములో, ఒకే వేఫర్ల మీద పనిచేస్తాయి. పదేళ్ల తర్వాత అందరికీ అవసరమయ్యే పరిశోధనకు ఖర్చు పంచుకుంటాయి, తమ ఇంజినీర్లను లూవెన్‌కు పంపుతాయి, ఫలితాన్ని ఆ కార్యక్రమంలోని వాళ్లందరూ వాడుకుంటారు. ఒక్క కంపెనీకే పనికొచ్చేది విడిగా, రహస్యంగా చేసుకుంటారు. ఏది ఉమ్మడి, ఏది సొంతం అన్న గీత ఎక్కడ గీయాలో నేర్చుకోవడమే ఐమెక్ సాధించిన అతి పెద్ద విజయం. ఇప్పుడక్కడ దాదాపు 100 దేశాలవాళ్లు, 5,000 మందికి పైగా పనిచేస్తున్నారు.

ఈయూవీకి ఇలాంటి చోటు ఎందుకు కావలసి వచ్చిందంటే, ఆ పని ఏ ఒక్కరి చేతా కాదు. సెకనుకు 50,000 కరిగిన తగరం చుక్కలు పడుతుంటాయి. పడుతున్న ప్రతి చుక్కనూ లేజర్ రెండుసార్లు కొట్టాలి. మొదటి దెబ్బకు చుక్క చదునవుతుంది, రెండో దెబ్బకు రెండు లక్షల డిగ్రీలు దాటే ప్లాస్మా అవుతుంది. దాని నుంచి 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి వస్తుంది. ఆ కాంతిని గాలి పీల్చేస్తుంది, గాజు పీల్చేస్తుంది. కాబట్టి లెన్సులు పనికిరావు. అంతా శూన్యంలో, అద్దాల మీదే నడవాలి. మాలిబ్డినం, సిలికాన్ పొరలు ఒకదాని మీద ఒకటి వేసి చేసిన ఆ అద్దం కూడా పడిన కాంతిలో సుమారు 70 శాతమే తిరిగిస్తుంది. పది అద్దాలు దాటేసరికి వేఫర్‌కు చేరేది రెండు మూడు శాతం. లేజర్ జర్మనీలోని ట్రుంఫ్‌ది. అద్దాలు ఓబర్‌కోఖెన్ అనే చిన్న ఊళ్లోని జైస్‌వి. కాంతి పుట్టించే విద్య శాన్‌డియేగోలోని సైమర్‌ది, దాన్ని 2013లో ఏఎస్ఎంఎల్ కొన్నది. అన్నిటినీ కూర్చి యంత్రంగా నిలబెట్టేది ఏఎస్ఎంఎల్ ఉన్న ఫెల్డ్‌హోవెన్‌లో.

ఇది యూరప్ ఒక్కటే కనిపెట్టిందని అనను. 1980లలో జపాన్‌లో హిరో కినోషిటా తొలి ప్రయోగాలు చేశారు. 1997లో అమెరికా జాతీయ ప్రయోగశాలలు ఇంటెల్ వంటి కంపెనీలతో కలిసి పెద్ద పునాది వేశాయి. యూరప్‌లో 1998లో యూక్లిడెస్ అనే ఉమ్మడి ప్రాజెక్టుతో ఏఎస్ఎంఎల్, జైస్ కదిలాయి. తర్వాత మెడేయా ప్లస్ (MEDEA+) అనే ఉమ్మడి పరిశోధన కార్యక్రమం కింద, యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల కింద ఒకదాని తర్వాత ఒకటిగా ప్రాజెక్టులు నడిచాయి. 2006లో తొలి ప్రయోగాత్మక యంత్రాలు రెండు బయటికొచ్చాయి. ఒకటి అమెరికాలోని ఆల్బనీకి, రెండోది లూవెన్‌కు. అప్పట్లో ఆ యంత్రాల కాంతి కొన్ని వాట్లే. ఫ్యాక్టరీలో నడవాలంటే 250 వాట్లు కావాలి. ఆ 250 అందడానికి 2017 దాకా పట్టింది. ఆ మధ్యకాలమంతా ఏటా సమావేశాల్లో అదే ప్రశ్న: ఇది ఎప్పటికైనా పనిచేస్తుందా? పనిచేయదని ఖాయంగా చెప్పిన పెద్దలు చాలామంది. 2019లో ఈయూవీతో చేసిన చిప్‌లు మామూలు ఫోన్లలోకి వచ్చాయి. 1998 నుంచి లెక్కేస్తే 21 ఏళ్లు.

మూడేళ్లకోసారి ఫలితం చూపించమని అడిగే పద్ధతిలో ఇది బతికేదా? అయిదేళ్లకు డబ్బు ఆపేస్తే? దయచేసి కొత్త చట్టం ప్రతి పేరా రాసేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి.

ఇప్పుడు మీ పైలట్ లైన్ల దగ్గరికి వస్తాను. పాత చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. అది మీరే రాశారు, మీకు కృతజ్ఞతలు. ల్యాబ్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ బాగా పనిచేస్తే పేపర్ అచ్చవుతుంది. 300 మిల్లీమీటర్ల వేఫర్ అంచు నుంచి అంచు దాకా కోటానుకోట్ల ట్రాన్సిస్టర్లు ఒకేలా పనిచేస్తే తప్ప ఫ్యాక్టరీ దాన్ని ముట్టుకోదు. ఈ రెంటి మధ్య ఉన్న కష్టమంతా పైలట్ లైన్‌లో పడాలి. లూవెన్‌లో నానోఐసీ, 2 నానోమీటర్లకన్నా చిన్న టెక్నాలజీ కోసం, 250 కోట్ల యూరోలతో. అందులో 140 కోట్లు ప్రభుత్వాలవి, 110 కోట్లు ఏఎస్ఎంఎల్ వంటి కంపెనీలవి. ఫిన్లాండ్, ఐర్లాండ్, రుమేనియా సంస్థలు కూడా అందులో భాగస్వాములు. గ్రెనోబుల్‌లో సీఈఏ-లెటీ అనే ప్రభుత్వ ల్యాబ్ నడిపే ఫేమ్స్, 10, 7 నానోమీటర్ల ఎఫ్‌డీ-ఎస్ఓఐ (తక్కువ కరెంటుతో నడిచే చిప్‌ల) టెక్నాలజీ కోసం, 83 కోట్లతో. ఫ్రాన్‌హోఫర్ నడిపే అపెక్స్, చిప్ ప్యాకేజింగ్ (తయారైన చిప్‌లను కలిపి, తొడుగులో అమర్చే పని) కోసం, 73 కోట్లతో. వీటితోపాటు కాటానియాలో సిలికాన్ కార్బైడ్ వంటి పదార్థాలకు ఒకటి, బార్సిలోనా దగ్గర కాంతి చిప్‌లకు ఒకటి.

ఫేమ్స్ విలువ తెలియాలంటే దాని వంశం చూడాలి. లెటీలో మిషెల్ బ్రూయెల్ 1990ల మొదట్లో స్మార్ట్ కట్ అనే పద్ధతి కనిపెట్టారు. సిలికాన్‌లోకి హైడ్రోజన్ అయాన్లు చొప్పించి, దాన్ని ఇంకో వేఫర్‌కు అతికించి వేడి చేస్తే, సరిగ్గా అనుకున్న లోతు దగ్గర పల్చటి పొరగా విడిపోతుంది. ఆ పొరల వేఫర్లు చేసి అమ్మడానికి 1992లో గ్రెనోబుల్ పక్కనే సోయిటెక్ పుట్టింది. వాటి మీద తక్కువ కరెంటుతో నడిచే చిప్‌లను ఎస్‌టీ తయారుచేసింది, డ్రెస్డెన్‌లో గ్లోబల్‌ఫౌండ్రీస్ తయారుచేస్తోంది. ఒక ప్రభుత్వ ల్యాబ్ ఆలోచన, ఒక కొత్త కంపెనీ, ఇంకో దేశంలో ఫ్యాక్టరీ. మార్కెట్ వాటా పట్టికలో ఇదంతా చిన్న అంకె. అయినా బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాల్సిన పరికరానికి ఇలాంటి చిప్ కావాలి.

మరి ఇబ్బంది ఎక్కడ? ఫేమ్స్‌కు ఇచ్చిన గడువు అయిదేళ్లు. అపెక్స్‌కు నాలుగున్నరేళ్లు. మీ ప్రస్తుత ఏడేళ్ల బడ్జెట్ 2027తో ముగుస్తుంది. యంత్రాలు వచ్చి, బిగించి, సరిచేసి, బయటివాళ్లకు నమ్మకంగా వేఫర్లు ఇచ్చే స్థితికి చేరేసరికే సగం గడువు గడిచిపోతుంది. పరికరం కొనడానికి డబ్బు దొరుకుతుంది, ఎందుకంటే దాని ముందు రిబ్బను కత్తిరించవచ్చు. అతిశుద్ధ జలం, గ్యాసులు, కరెంటు, పరికరాల సర్వీసు కాంట్రాక్టులు, రాత్రి షిఫ్టు జీతాలు, వీటికి ఏటా కావాల్సిన డబ్బు అడిగితే మౌనం. పైలట్ లైన్‌ను కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టడం కుదిరే పని కాదు. యంత్రాల ఛాంబర్లు చల్లబడితే ప్రాసెస్, అంటే వేఫర్ మీద చేసే పని, గాడి తప్పుతుంది. వందలాది మెట్లను మళ్లీ ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. ఆలోగా అది తెలిసిన మనిషి వేరే ఉద్యోగం చూసుకుని ఉంటాడు. కాబట్టి 2028లో మొదలయ్యే బడ్జెట్‌లో నడిపే ఖర్చుకు విడిగా, పదేళ్ల హామీతో ఒక పద్దు కావాలి.

ఉమ్మడి ప్రాజెక్టులకు డబ్బు ఇచ్చే తీరు కూడా మారాలి. ఇప్పుడు ఒక ప్రాజెక్టుకు యూరోపియన్ యూనియన్ కొంత ఇస్తే, ప్రతి భాగస్వామికీ అతని దేశం కొంత ఇవ్వాలి. ఎనియాక్ రోజుల నుంచీ ఇదే పద్ధతి. దేశాలకు బాధ్యత ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ ఒక్కో దేశానికి ఒక్కో దరఖాస్తు, ఒక్కో గడువు, ఒక్కో రేటు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో కొలతల పనిలో అందరికన్నా దిట్టమైన చిన్న యూనివర్సిటీ ఒకటి ఉండేది. ప్రాజెక్టుకు ఆమోదం వచ్చింది, వాళ్ల దేశం వాటా మాత్రం రాలేదు. వాళ్లు తప్పుకున్నారు. ఆ కొలతలు మేమే నేర్చుకుని చేసేసరికి చాలా కాలం వృథా అయింది, ఫలితం వాళ్లు ఇచ్చేంత బాగా రాలేదు. డబ్బున్న దేశాలే కలిసి పనిచేస్తే అది యూరోపియన్ సహకారం అనిపించుకోదు. కమిషన్ దగ్గర ఒకే దరఖాస్తు, ఒకే ఒప్పందం ఉండాలి. చిన్న దేశాల వాటా ఆలస్యమైతే ఉమ్మడి నిధి ముందుగా సర్దాలి.

ఒక అభ్యంతరం తరచూ వింటాను, అందులో న్యాయం ఉంది కాబట్టి దాటవేయను. "లూవెన్‌లో పరిశోధన చేస్తాం, లాభం తైవాన్‌కు, కొరియాకు పోతుంది. 2 నానోమీటర్ల ఫ్యాబ్ యూరప్‌లో లేనప్పుడు ఆ పరిశోధనకు మన పన్నుల డబ్బు ఎందుకు?" నిజమే, యూరోపియన్ యూనియన్‌లో అన్నిటికన్నా ముందున్న ఫ్యాబ్ ఐర్లాండ్‌లో ఇంటెల్‌ది, అదీ 2 నానోమీటర్లకు చేరలేదు. అయితే ఆ పరిశోధన వల్లే ప్రపంచంలోని ప్రతి ముందువరస ఫ్యాబ్‌లో ఫెల్డ్‌హోవెన్ యంత్రం ఉంది, ఓబర్‌కోఖెన్ అద్దం ఉంది. 2024 జూన్‌లో ఏఎస్ఎంఎల్, ఐమెక్ కలిసి తెరిచిన హై-ఎన్ఏ (తర్వాతి తరం ఈయూవీ) ల్యాబ్‌కు పెద్ద చిప్ కంపెనీలు వచ్చి తమ ప్రయోగాలు చేసుకోవచ్చు. మిమ్మల్ని కాదని ఎవరూ ముందుకు పోలేని చోటు మీ దగ్గరుంది. ఆ చోటును నిలుపుకోవడం ఫ్యాబ్ కట్టడంకన్నా చవక. యూరప్‌లో చిప్‌లు కొనేవాళ్లలో ఎక్కువమంది కార్లు, యంత్రాలు, వైద్య పరికరాలు చేసేవాళ్లు. వాళ్లకు ఇవాళ కావాల్సింది 2 నానోమీటర్లు కాదు.

2025 అక్టోబరులో నెక్స్‌పీరియా గొడవ ఆ సంగతే బయటపెట్టింది. నెదర్లాండ్స్‌లో ఉన్న ఆ చిప్ కంపెనీకి యజమాని చైనా సంస్థ. డచ్ ప్రభుత్వం ఆ కంపెనీ మీద అధికారం చేతిలోకి తీసుకుంది. చైనా తన గడ్డ మీదున్న నెక్స్‌పీరియా ఫ్యాక్టరీ నుంచి ఎగుమతులు ఆపింది. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఒక్కోటి కొన్ని సెంట్లు కూడా ఉండదు. అవి లేక కార్ల ఫ్యాక్టరీలు ఆగిపోతాయేమోనని యూరప్ అంతా టెన్షన్ పడింది. ఆ వేఫర్లు ఎక్కువగా హాంబర్గ్‌లో తయారవుతాయి! కోసి, ప్యాక్ చేసే పని మాత్రం ఎక్కువ భాగం చైనాలోని డోంగ్వాన్‌లో. వేఫర్ చేయడం వచ్చినవాళ్లకు ప్యాకేజింగ్ చేతిలో లేకపోయింది. అందుకే అపెక్స్ పైలట్ లైన్ నాకు నానోఐసీ అంత ముఖ్యంగా కనిపిస్తుంది. దానికి వార్తల్లో చోటు దొరకదు, డబ్బులోనూ చిన్నచూపు. కొత్త చట్టంలో అది మారాలి. కొత్త రకం ప్యాకేజింగ్‌తోపాటు, మామూలు చిప్‌లను తక్కువ ఖర్చుతో, తక్కువ చేతిపనితో ప్యాక్ చేసే పద్ధతుల మీదా పరిశోధన జరగాలి.

విద్యార్థుల గురించి ఒక మాట. చిప్ డిజైన్ చదివేవాడు ఒక్కసారైనా తన డిజైన్ వేఫర్ మీద చేయించుకుని, చేతిలోకి తీసుకుని కొలిస్తే తప్ప ఆ చదువు పూర్తికాదు. మాస్క్‌ల (డిజైన్‌ను వేఫర్ మీదికి దించే అచ్చుల) ఖర్చంతా ఒక్క విద్యార్థి మీద వేస్తే ఏ కాలేజీ భరించలేదు. యూరోప్రాక్టిస్ అనే ఏర్పాటు 1990ల నుంచి షేర్ ఆటోలా నడుస్తోంది. పాతిక యూనివర్సిటీల డిజైన్లు ఒకే వేఫర్ మీద సర్దుతారు, ఖర్చు తలా కొంత పడుతుంది. ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ కూడా వందలాది విద్యాసంస్థలకు తక్కువ ధరకు అందుతోంది. ఇంత మేలు చేసే పనికి మీ ప్రకటనల్లో ఒక వాక్యం కూడా అరుదే. పైలట్ లైన్లలోనూ ఏటా కొన్ని ఉమ్మడి వేఫర్లను యూనివర్సిటీలకు, కొత్తగా పెట్టిన చిన్న కంపెనీలకు కేటాయించాలని చట్టంలోనే రాయండి. అందరికీ వివక్ష లేని ప్రవేశం ఉండాలన్న మాట పాత చట్టంలోనూ ఉంది. దానికి సంఖ్య, ధర, గడువు జోడిస్తే తప్ప గేటు దగ్గర అది ఎవరికీ పనికిరాదు.

చివరగా మనుషులు. ఈ క్లీన్‌రూముల్లో రాత్రి షిఫ్టుకు వెళ్తే తెలుగు, తమిళం, మాండరిన్, పర్షియన్, రొమేనియన్, అన్నీ వినిపిస్తాయి. మాలో చాలామందివి ప్రాజెక్టు ఉన్నంతకాలపు ఉద్యోగాలు. ప్రాజెక్టు మూడేళ్లయితే మూడో ఏడు సగమూ తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడంలో పోతుంది. సరిగ్గా పని చేతికి వచ్చిన సమయమది. చదువు ముగించిన విద్యార్థికి ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం తొమ్మిది నెలలు ఉండనివ్వాలని మీ నిబంధనే చెబుతుంది. బ్లూ కార్డ్ (నిపుణులకిచ్చే యూరోపియన్ పర్మిట్) ఉన్నవాళ్లు ఏడాది తర్వాత ఇంకో దేశానికి మారవచ్చు. ఇవి మంచి ఏర్పాట్లే. కానీ పైలట్ లైన్ ఒకటే అయినా దాని భాగస్వాములు ఎనిమిది దేశాల్లో ఉంటారు. గ్రెనోబుల్‌లో నేర్చుకున్న మనిషి ఏడాదిపాటు డ్రెస్డెన్‌లో అవసరమైతే కొత్త పర్మిట్, కొత్త కాంట్రాక్టు, భార్యాపిల్లలకు మళ్లీ కాగితాలు, చాలామందికి శాశ్వత నివాసం లెక్క మళ్లీ మొదటి నుంచి. వేఫర్లు ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కు కొరియర్‌లో రెండు రోజుల్లో చేరుతున్నాయి. వాటిని తయారుచేసిన మనిషికి నెలలు పడుతున్నాయి. పైలట్ లైన్లలో పనిచేసేవాళ్లకు భాగస్వామి దేశాలన్నింటిలో చెల్లే ఒకే పర్మిట్ ఇవ్వండి. అన్ని చోట్లా గడిపిన ఏళ్లను కలిపి లెక్కించండి.

2023 నవంబరులో కమిషన్, భారత ప్రభుత్వం సెమీకండక్టర్ల మీద ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలు చేశాయి. పరిశోధన, నైపుణ్యాల మాట అందులో ఉంది. ఎన్ఎక్స్‌పీ వంటి యూరప్ కంపెనీల చిప్ డిజైన్ ఇప్పటికే హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. ప్రాసెస్ పని, అంటే వేఫర్ మీద చేసే పని, నేర్చుకునే చోటు మాత్రం మా పిల్లలకు అక్కడ ఇంకా తక్కువ. కొరియా పరిశోధకులు మీ పరిశోధన నిధుల కార్యక్రమమైన హొరైజన్ యూరప్‌లో భాగమై మీ ప్రాజెక్టుల్లో చేరగలుగుతున్నారు. భారతదేశంలోని ఐఐటీలు, ఎన్ఐటీల పరిశోధక విద్యార్థులకు మీ అయిదు పైలట్ లైన్లలో ఏటా కొన్ని స్థానాలు కేటాయించండి. వాళ్లలో కొందరు ఇక్కడే ఉండిపోతారు, కొందరు తిరిగి వెళ్లి అక్కడ లైన్లు నడుపుతారు. రెండు విధాలా మీకు తెలిసిన చేతులే అవి.

ముసాయిదా మీద పార్లమెంటులో, మంత్రుల మండలిలో చర్చ జరిగేటప్పుడు ఒక్క పని చేయండి. అయిదు పైలట్ లైన్ల నుంచీ షిఫ్టు ఇంజినీర్లను, టెక్నీషియన్లను కమిటీ ముందుకు పిలిచి, 2028 తర్వాత తమ లైన్ నడవడానికి ఏటా ఎంత కావాలో వాళ్లనే అడగండి. ఆ లెక్కలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
యూరప్‌లో చిప్ పరిశోధనలో పనిచేస్తున్న ఒక తెలుగు ప్రాసెస్ ఇంజినీరు